సాటర్త్‌వెయిట్: ఒక లోయలో పుట్టిన ఇంటిపేరు, దాని విస్తరణ (ప్రాజెక్టు డైరీ)

అక్టోబరు: పేరు ఎంపిక, పని హద్దులు

గణాంకశాస్త్రం చదివినవారికి వెల్చ్–సాటర్త్‌వెయిట్ సూత్రం పరిచయమే. రెండు నమూనాల విస్తృతులు (విలువలు ఎంతగా చెదిరి ఉన్నాయో చెప్పే కొలతలు) సమానంగా లేనప్పుడు వాటి సగటులను పోల్చడానికి కావలసిన డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌ను (స్వేచ్ఛగా మారగల విలువల సంఖ్యను) అంచనా కట్టడానికి ఇది పనికివస్తుంది. దీని వెనుక ఫ్రాంక్లిన్ సాటర్త్‌వెయిట్ 1946లో ప్రచురించిన వ్యాసం ఉంది. ఎన్నికల పద్ధతులను గణితంతో పరిశీలించే శాఖలోనూ ఇదే ఇంటిపేరు మళ్లీ ఎదురవుతుంది. అభ్యర్థులు ముగ్గురు లేదా అంతకు మించి ఉన్నప్పుడు, ఒకే వ్యక్తి ఇష్టం ఫలితాన్ని శాసించే పద్ధతి తప్ప, మరే ఓటింగు పద్ధతిలోనైనా తన నిజమైన ఇష్టాన్ని దాచి ఓటు వేసి లాభపడగల సందర్భం ఉండి తీరుతుందని ఆలన్ గిబ్బార్డ్ 1973లోనూ, మార్క్ సాటర్త్‌వెయిట్ 1975లోనూ విడివిడిగా నిరూపించారు. ఇద్దరు సాటర్త్‌వెయిట్‌లూ అమెరికన్లే. ఇంగ్లండు వాయవ్య మూలన ఒక చిన్న లోయలో ఉన్న ఊరి పేరు, అక్కడి జనాభాతో పోల్చితే ఏమాత్రం పొంతన లేనంత దూరం ఎలా వెళ్లిందో అభిలేఖాల ఆధారంగా పటాలపై చూపాలన్నదే ఈ ప్రాజెక్టు ఉద్దేశం.

ఇంగ్లండులో ఒకే ఇంటిపేరు మీద జరిపే ఇటువంటి పరిశోధనను వన్‌-నేమ్ స్టడీ అంటారు. ఆ పని చేసేవారికి 1979లో ఏర్పడిన ఒక గిల్డు కూడా ఉంది. ఈ పద్ధతిలో ఆ పేరు గల ప్రతి ప్రస్తావననూ, అది ఏ కుటుంబానిదైనా సరే, సేకరిస్తారు. సొంత వంశవృక్షం కట్టుకునేవారు తమకు సంబంధించని కొమ్మలను వదిలేస్తారు. ఇక్కడ వదిలేయడానికి వీలు లేదు. అందుకే పేరు అరుదైనదై ఉండాలి. స్మిత్ అనే పేరుతో ఈ పని ఒక మనిషి జీవితకాలంలో తెమలదు.

మొదటే రెండు నియమాలు పెట్టుకున్నాను. జీవించి ఉన్న వ్యక్తుల వివరాలను పట్టికలోకి ఎక్కించను. గ్రంథాల ద్వారా, వృత్తి ద్వారా బహిరంగంగా తెలిసిన పేర్లను కేవలం ప్రస్తావిస్తాను, వారి కుటుంబ మూలాలను వెతకను. రెండవది, ప్రతి నమోదుకూ మూలంలో ఉన్నది ఉన్నట్లుగా ఒక గడి, నేను సవరించిన రూపానికి వేరొక గడి ఉండాలి. తరువాతి నెలలలో ఈ రెండవ నియమం లేకపోతే పని ముందుకు సాగేదే కాదు.

నవంబరు: ఊరు, పారిష్, రిజిస్టరు

సాటర్త్‌వెయిట్ గ్రామం లేక్ డిస్ట్రిక్ట్‌లో కోనిస్టన్, విండర్‌మియర్ సరస్సుల నడుమ ఉన్న గ్రైజ్‌డేల్ లోయలో ఉంది. చుట్టూ అడవి. పేరు నార్స్ భాషది (స్కాండినేవియా ప్రాంతపు పాత భాష): వేసవిలో పశువులను తోలుకుపోయి కాపరులు ఉండే పాకను సూచించే మాట ముందు భాగం, అడవి నరికి చదును చేసిన నేలను సూచించే మాట వెనుక భాగం. 10వ శతాబ్దిలో ఐర్లండు, మాన్ ద్వీపాల మీదుగా వచ్చి ఈ కొండలలో స్థిరపడిన నార్స్ జనం వదిలిన పేర్లలో ఇదొకటి. త్వెయిట్ అనే తోక గల ఊళ్లు ఈ ప్రాంతంలో అడుగడుగునా ఉన్నాయి. బ్రెయిత్‌వెయిట్, పోసిల్‌త్వెయిట్, తిసిల్‌త్వెయిట్ వంటి ఇంటిపేర్లు ఆ కోవలోనివే.

వీటిలో బ్రెయిత్‌వెయిట్‌ను ఎంచుకోకపోవడానికి కారణం ఉంది. ఆ పేరు గల ఊళ్లు కంబర్లాండ్, వెస్ట్‌మోర్లాండ్, యార్క్‌షైర్ అనే కౌంటీలు (పెద్ద పాలనా విభాగాలు) మూడింటిలోనూ ఉన్నాయి గనుక, ఒక బ్రెయిత్‌వెయిట్ కుటుంబం ఏ ఊరి నుంచి బయలుదేరిందో పత్రాలు లేకుండా తేల్చలేము. సాటర్త్‌వెయిట్ అనే ఊరు ఒక్కటే. పటంపై ఒక మూల బిందువును నిస్సంకోచంగా గుర్తించగల పేరు దొరకడం అరుదు.

ఊరు ఒక్కటే అయినంత మాత్రాన మూలపురుషుడూ ఒక్కడే అనుకోరాదు. ఊరి పేరు ఇంటిపేరుగా స్థిరపడే తీరు తెలుగువారికి కొత్త కాదు. కందుకూరి, టంగుటూరి వంటి పేర్లు మనకు ఎన్నో ఉన్నాయి. ఊళ్లోనే ఉన్నవారిని ఆ ఊరి పేరుతో పిలవవలసిన అవసరం ఉండదు. బయటికి వెళ్లినవారికే ఆ పేరు అంటుకుంటుంది. సాటర్త్‌వెయిట్ నుంచి వేర్వేరు కాలాలలో, పరస్పరం సంబంధం లేని రెండు మూడు కుటుంబాలు కొండ దాటి వెళ్లి ఉంటే, అందరికీ ఒకే పేరు వచ్చే వీలుంది. కాబట్టి ఇంటిపేరు సాంద్రత ఊరి కన్నా ఊరి చుట్టుపక్కల ఎక్కువగా ఉండాలన్నది నా మొదటి అంచనా. ఉత్తరాన కొన్ని మైళ్ల దూరంలో ఉన్న హాక్స్‌హెడ్‌లో ఆ అంచనా నిలిచింది.

ఈ లోయలన్నీ మధ్యయుగంలో ఫర్నెస్ అబే అనే క్రైస్తవ మఠం ఆధీనంలో ఉండేవి. 1127లో స్థాపితమైన ఆ మఠం 1537లో రాజుకు స్వాధీనమైంది. ఆ మరుసటి ఏడు, 1538లో, రాజు మంత్రి థామస్ క్రామ్‌వెల్ ఆజ్ఞతో ఇంగ్లండులోని ప్రతి పారిష్ (ఒక చర్చి పరిధిలోని ప్రాంతం) బాప్టిజం, వివాహం, ఖననాలను నమోదు చేయవలసి వచ్చింది. హాక్స్‌హెడ్‌లో ఇప్పుడు మిగిలి ఉన్న పుస్తకం 1568 నుంచి మొదలవుతుంది. సాటర్త్‌వెయిట్ గ్రామం కూడా ఆ పారిష్‌లోనే ఉండేది. 1568 నుంచి 1704 వరకు గల భాగాన్ని హెన్రీ స్వెయిన్సన్ కౌపర్ 1897లో అచ్చు వేయించారు. ఈ ప్రాజెక్టుకు ఆ ముద్రిత ప్రతి వెన్నెముక.

రిజిస్టరును పుట వెంట పుట చదువుతుంటే సాటర్త్‌వెయిట్, బ్రెయిత్‌వెయిట్, రిగ్, సాండ్స్ వంటి కొద్ది పేర్లే తిరిగి తిరిగి వస్తాయి. ఒకే పారిష్‌లో ఒకే పేరు గల విలియమ్‌లు, జాన్‌లు పలువురు ఉండడంతో, ఏ పొలానికి చెందినవాడో, ఏ పల్లెకు చెందినవాడో పక్కన రాసే అలవాటు కనిపిస్తుంది. కోల్ట్‌హౌస్, సోరీ, గ్రైజ్‌డేల్ వంటి నివాస స్థలాల పేర్లు ఆ విధంగానే నమోదయ్యాయి. ఇంటిపేరు మనుషులను వేరు చేయలేనంత దట్టంగా ఉన్నచోట పొలం పేరు ఆ పని చేసింది. పట్టికలో నివాసానికి వేరే గడి పెట్టాను. పటం గీయడానికి ఇంటిపేరు కన్నా ఈ గడే ఎక్కువ ఉపయోగపడుతోంది.

1577 నవంబరు దగ్గర రాతగాడు ఒక గమనిక పెట్టాడు. ఒక వ్యక్తి ద్వారా పారిష్‌లోకి ప్రాణాంతకమైన అంటువ్యాధి వచ్చిందనీ, దానితో మరణించినవారి పేర్లకు గుర్తు పెట్టాననీ అందులో ఉంది. ఆ గుర్తులు గల వరుసలను విడిగా పట్టికలోకి తీశాను. ఇంతటి చిన్న పారిష్‌లో ఒక్క శీతకాలం కొన్ని ఇళ్లను ఖాళీ చేస్తే, ఏ పేర్లు నిలుస్తాయో ఏవి అంతరిస్తాయో అన్నది నూరేళ్ల దాకా మారిపోతుంది. ఇంటిపేర్ల చరిత్రలో కార్యకారణాల కన్నా యాదృచ్ఛికతకే పెద్ద పీట అని నమ్మేవాడిని నేను. ఈ పుట ఆ నమ్మకానికి బలమిచ్చింది.

డిసెంబరు: అక్షరక్రమం

ఒకే మనిషి పేరు బాప్టిజం నాడు ఒక విధంగానూ, ఖననం నాడు మరొక విధంగానూ రాసి ఉంటుంది. ఒక టి లోపిస్తుంది, చివరి ఇ పోతుంది, ఐ స్థానంలో వై వస్తుంది, ఏ స్థానంలో ఇ వచ్చి సెటర్త్‌వెయిట్ అవుతుంది. ఇవన్నీ ఒకే గంపలో చేరాలి, వేరే పేర్లు చేరకూడదు.

ఇందుకు సాధారణంగా వాడే సౌండెక్స్ పద్ధతి మొదటి అక్షరాన్ని ఉంచి, తరువాతి హల్లులను అంకెలుగా మార్చి, మూడు అంకెల వద్ద ఆపుతుంది. సాటర్త్‌వెయిట్‌కు వచ్చే సంకేతం ఎస్363. సాటర్‌వైట్‌కూ అదే వస్తుంది; అది మంచిదే, ఎందుకంటే ఆ రూపం దీని నుంచి వచ్చిందేనని సాధారణంగా భావిస్తారు. కాని స్టూవర్ట్‌ను ఏ అక్షరక్రమంతో రాసినా అదే ఎస్363 వస్తుంది, సౌత్‌వర్డ్‌కూ అదే. బ్రిటన్‌లో స్టూవర్ట్‌లు అసంఖ్యాకులు గనుక ఈ పద్ధతితో సూచికలో వెతికితే అరుదైన పేరు ఆ వెల్లువలో కొట్టుకుపోతుంది. మరోవైపు సాటర్‌ఫీల్డ్‌కు ఎస్361 వచ్చి, అది దానంతట అదే తొలగిపోతుంది.

కాబట్టి రెండంచెల జల్లెడ ఏర్పాటు చేశాను. మొదట సౌండెక్స్‌తో పట్టి, తరువాత ఒక పేరును ఇంకొక పేరుగా మార్చడానికి ఎన్ని అక్షరాలు కలపాలో, తీయాలో, మార్చాలో లెక్కించే లెవెన్‌స్టైన్ దూరంతో వడకడతాను. ఆంగ్ల లిపిలో సాటర్త్‌వెయిట్‌కు 13 అక్షరాలు, స్టూవర్ట్‌కు ఆరేడు. అక్షరాల సంఖ్యలోనే అంత తేడా ఉన్నందున ఆ దూరం 6కు తగ్గే ప్రసక్తి లేదు. సాటర్‌వైట్ దూరం 3. హద్దును 3 వద్ద పెడితే స్టూవర్ట్‌లు పూర్తిగా తొలగి, రూపాంతరాలు నిలుస్తాయి. అయినా ప్రతి కొత్త రూపాన్ని కంటితో చూసి మాత్రమే ఆమోదిస్తున్నాను. పాత చేతిరాతలో ఎఫ్‌ను పోలి ఉండే పొడవు ఎస్‌ను ఎఫ్‌గా చదివిన నకళ్లు పెద్ద సంఖ్యలో ఉన్నాయి, మొదటి అక్షరమే మారితే సౌండెక్స్ ఏమీ చేయలేదు. వాటి కోసం ఎఫ్‌తో మొదలయ్యే వరుసలనూ విడిగా గాలించవలసి వస్తోంది.

జనవరి: క్వేకర్ల పుస్తకాలు

ఈ నెల పని నాకు అన్నిటికన్నా ముఖ్యమైనదిగా తోచింది, అందుకే ఎక్కువ రాస్తున్నాను.

పారిష్ రిజిస్టరు మాత్రమే చూస్తే 1650ల తరువాత సాటర్త్‌వెయిట్ పేరు కొంత పలచబడినట్లు అనిపిస్తుంది. ఊరు విడిచిపోయారా, మరణించారా అన్న ప్రశ్నకు ముందు అడగవలసినది వేరొకటి ఉంది: వారు చర్చి పుస్తకంలోనే లేరా? 1652లో క్వేకర్లు అనే క్రైస్తవ శాఖ స్థాపకుడు జార్జ్ ఫాక్స్ ఈ లోయలున్న ఫర్నెస్ ప్రాంతానికి వచ్చి, అల్వర్‌స్టన్ దగ్గరి స్వార్త్‌మోర్ హాల్‌లో మార్గరెట్ ఫెల్ ఆశ్రయం పొందడంతో, క్వేకర్ ఉద్యమానికి ఆ ఇల్లే కేంద్రమైంది. హాక్స్‌హెడ్ పక్కనే ఉన్న కోల్ట్‌హౌస్‌లో 1658 నాటికే క్వేకర్ల శ్మశానవాటిక ఏర్పడింది, 1688లో ప్రార్థనా మందిరం కట్టారు. ఆ మందిరం నేటికీ నిలిచి ఉంది. క్వేకర్లు పిల్లలకు బాప్టిజం ఇవ్వరు, పారిష్ చర్చిలో వివాహం చేసుకోరు, తమ వారిని తమ నేలలోనే పూడుస్తారు. అందువల్ల ఆ పేర్లు చర్చి పుస్తకం నుంచి జారి, క్వేకర్ల సొంత పుస్తకాలలోకి చేరాయి. ఇంగ్లండులోని క్వేకర్ల రిజిస్టర్లలో అధికభాగం 19వ శతాబ్దిలో ప్రభుత్వానికి అప్పగించారు, అవి ఇప్పుడు లండన్‌లోని క్యూ అనే చోట ఉన్న నేషనల్ ఆర్కైవ్స్‌లో ఆర్‌జి 6 వరుసలో ఉన్నాయి. వాటి నకళ్లు చేర్చగానే పలచబడిన చోటు చాలావరకు పూడింది. 1753 నాటి వివాహ చట్టం కూడా క్వేకర్లను, యూదులను తన పరిధి నుంచి మినహాయించింది గనుక, అక్కడి నుంచి 1837లో పౌర నమోదు మొదలయ్యే వరకు వారి వివాహాలకు ఈ పుస్తకాలే దిక్కు.

తేదీల విషయంలో ఎంతో జాగ్రత్త అవసరమైంది. రోమన్ దేవతల పేర్లున్న నెలలను క్వేకర్లు పలికేవారు కాదు; మొదటి నెల, రెండవ నెల అని అంకెలతో రాసేవారు. అప్పటి ఇంగ్లండులో సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది, మార్చి మొదటి నెల. ఆ లెక్కన 1690లో పదకొండవ నెల అంటే జనవరి; మన లెక్క ప్రకారం 1691 జనవరి. నేటి అలవాటుతో దానిని 1690 నవంబరుగా పట్టికలో వేస్తే బిడ్డ పుట్టుక తల్లిదండ్రుల వివాహానికి ముందు పడవచ్చు, ఒక తరం వరుస తలకిందులు కావచ్చు. మొదటి నెలలో 1 నుంచి 24 వరకు ఉన్న తేదీలకు రెండు సంవత్సరాలనూ పక్కపక్కన రాస్తున్నాను. 1752 నుంచి జనవరి మొదటి నెల అయింది, ఆ ఏడాది సెప్టెంబరు 2 తరువాతి రోజును 14గా లెక్కించి 11 రోజులు తొలగించారు. తేదీ మార్పిడికి చిన్న ప్రోగ్రాము రాసి, 1752కు ముందు, తరువాత అని రెండు దారులు పెట్టాను. మూల తేదీ గడిని మాత్రం ఎన్నడూ తాకను.

అమెరికాకు దారి కూడా ఈ పుస్తకాలలోనే తెరుచుకుంది. డెలావేర్ నది పొడవునా క్వేకర్ల వలసలు 1670ల చివరలో పశ్చిమ జెర్సీలోనూ, 1682 నుంచి విలియం పెన్ పెన్సిల్వేనియాలోనూ మొదలయ్యాయి. ఒక క్వేకర్ ఊరు మారితే, పాత చోటి మాసిక సమావేశం (నెలనెలా కలిసే స్థానిక క్వేకర్ల సంఘం) నుంచి అతని నడవడిని, వివాహ స్థితిని తెలిపే పత్రం తీసుకుని వెళ్లి కొత్త చోట చూపాలి. రెండు చోట్లా అది పుస్తకంలో నమోదవుతుంది. సాధారణ వలసదారుడి జాడ రేవులో తెగిపోతుంది, క్వేకర్ జాడ సముద్రానికి రెండు ఒడ్డులా మిగులుతుంది. న్యూజెర్సీలోని చెస్టర్‌ఫీల్డ్ మాసిక సమావేశపు పుస్తకాలలో సాటర్త్‌వెయిట్‌లు కనిపిస్తారు. ఆ పుస్తకాలు లేకపోతే ఈ లోయకూ డెలావేర్ తీరానికీ మధ్య మన వద్ద ఉండేది ఊహ మాత్రమే.

ఫిబ్రవరి: లాంకాస్టర్ రేవు, సాటర్‌వైట్ రూపం

ఫర్నెస్ కొండల నుంచి దక్షిణానికి సహజమైన దారి మోర్‌కామ్ అఖాతం. పోటు తగ్గినప్పుడు ఇసుక మీదుగా దాటితే అవతల లాంకాస్టర్. 18వ శతాబ్దిలో ఆ పట్టణం వెస్టిండీస్ వ్యాపారంతో పెరిగింది. ఇంగ్లండులో బానిస వ్యాపారం సాగించిన రేవులలో లండన్, లివర్‌పూల్, బ్రిస్టల్ తరువాత స్థానం దానిదే. అక్కడి వర్తకులలో సాటర్త్‌వెయిట్‌లు ఉన్నారు. 1778లో లాంకాస్టర్ ప్రయరీ చర్చిలో 27 ఏళ్ల నల్లజాతి స్త్రీకి బాప్టిజం ఇచ్చినట్లు, ఆమె జాన్ సాటర్త్‌వెయిట్ ఇంటి పనిమనిషి అని నమోదైంది. ఆమె పేరు ఫ్రాన్సెస్ ఎలిజబెత్ జాన్సన్. సాటర్త్‌వెయిట్ అనే పేరు మోసినవారి పట్టిక కడుతున్న నేను, ఆ పేరు లేకపోయినా ఆమె వరుసను తీసివేయలేదు. ఆ పేరు గల ఇళ్లు ఎవరి శ్రమపై నిలిచాయో చూపని పటం అసంపూర్ణమని నా అభిప్రాయం. క్వేకర్ల లండన్ వార్షిక సమావేశం 1761లో బానిస వ్యాపారంలో పాల్గొనేవారిని బహిష్కరించాలని నిర్ణయించినా, ఆ వ్యాపారాన్ని చట్టం నిషేధించడానికి 1807 వరకు పట్టింది.

సాటర్‌వైట్ రూపం అమెరికా దక్షిణ రాష్ట్రాలలో బలపడింది. అమెరికా జనగణన శాఖ 2010 లెక్కల నుంచి 100 మంది లేదా అంతకు మించి ఉన్న ఇంటిపేర్లను, 1,62,253 పేర్లను, జాతి వివరాలతో సహా ప్రకటించింది. ఆ పట్టికలో సాటర్‌వైట్‌లలో నల్లజాతీయుల వాటా గణనీయంగా ఉంది. దాస్యంలో ఉన్నవారికి, వారి సంతతికి యజమానుల ఇంటిపేర్లు అంటుకున్న చరిత్రను ఆ అంకె సూచిస్తుంది. ఇక్కడ పేరు వ్యాపించడం వేరు, రక్తసంబంధం వ్యాపించడం వేరు. కాబట్టి సాటర్‌వైట్‌ను మూల పేరుతో కలిపి లెక్కించకుండా పటంలో ప్రత్యేకమైన పొరగా ఉంచాను.

మార్చి: 1881 పటం

ఇంటిపేర్ల భౌగోళిక పరిశోధనకు 1881 ఏప్రిల్ 3 నాటి జనగణనే పునాది, ఎందుకంటే బ్రిటన్‌లో మొట్టమొదట పూర్తిగా అక్షరబద్ధమైన జనగణన అదే. వేలాది స్వచ్ఛంద కార్యకర్తలు చేతిరాత పుటలను చదివి దానిని సిద్ధం చేశారు. ఈ పని చేసే ప్రతి ఒక్కరూ వారికి రుణపడి ఉన్నాం.

మొదట కౌంటీల వారీగా పటం గీశాను. అది అందంగా వచ్చింది, కాని అబద్ధం చెప్పింది. సాటర్త్‌వెయిట్ గ్రామం, హాక్స్‌హెడ్, ఫర్నెస్ అంతా 1974 వరకు లాంకాషైర్‌లో భాగం. ఇసుకకు ఉత్తరాన ఉన్న లాంకాషైర్ అని దానిని పిలిచేవారు. 1881లో లాంకాషైర్ జనాభా సుమారు 34.5 లక్షలు, అందులో అధికులు మాంచెస్టర్, లివర్‌పూల్ చుట్టూ ఉన్నవారు. పక్కనున్న వెస్ట్‌మోర్లాండ్ జనాభా సుమారు 64 వేలు. ఒకే పరిమాణం గల కుటుంబం లాంకాషైర్‌లో ఉంటే వచ్చే రేటుకు (జనాభాలో ఆ పేరు గలవారి వంతుకు), వెస్ట్‌మోర్లాండ్‌లో ఉంటే వచ్చే రేటుకు 50 రెట్లకు మించి తేడా వస్తుంది. ఆ పటం చూసినవారు పేరు పుట్టుక వెస్ట్‌మోర్లాండ్‌లో అని నమ్ముతారు. సొంత కౌంటీ పెద్దది కావడమే ఆ పేరుకు శాపమైంది.

అందువల్ల కౌంటీలను విడిచి, జనన మరణాల నమోదు కోసం ఏర్పరచిన చిన్న రిజిస్ట్రేషన్ జిల్లాలకు దిగాను. హాక్స్‌హెడ్ ప్రాంతం అల్వర్‌స్టన్ జిల్లాలోకి వస్తుంది. ఈ స్థాయిలో పటం ఒక్కసారిగా మారింది: ఫర్నెస్ చిక్కగా, దాని ఆనుకుని కెండల్, దక్షిణాన లాంకాస్టర్. తక్కువ జనాభా గల జిల్లాలలో ఒక్క ఇంటితోనే రేటు పెరిగిపోతుంది గనుక, రేటు పక్కన అసలు మనుషుల సంఖ్యను వృత్తం పరిమాణంతో చూపాను. రంగు ఒక్కటే చూసి ఎవరూ నిర్ణయానికి రాకూడదు.

ఫర్నెస్‌లోని బారో పట్టణాన్ని విడిగా చూడాలి. 1840లలో అదొక పల్లె. 1846లో ఫర్నెస్ రైల్వే తెరుచుకుంది, 1850లో సమీపంలోని పార్క్ వద్ద హెన్రీ ష్నైడర్ మేలైన ఇనుప ఖనిజం కనుగొన్నాడు, 1881 నాటికి జనాభా 47 వేల దరిదాపులకు చేరింది. 1876లో అల్వర్‌స్టన్ నుంచి విడదీసి బారోను సొంత రిజిస్ట్రేషన్ జిల్లా చేశారు. ఆ సంవత్సరానికి ముందూ వెనుకా ఉన్న అంకెలను పోల్చాలంటే రెండింటినీ కలిపే చూడాలి. లేకుంటే పాత జిల్లాలో పేరు ఉన్నట్టుండి తరిగినట్లు కనిపిస్తుంది. 1857లో కెంట్, లెవెన్ నదీముఖాల మీద రైలు వంతెనలు వచ్చాక, ఇసుక దాటే ప్రయాణం అవసరం తీరిపోయి, కొండ లోయల యువకులకు ఫౌండ్రీలు, మిల్లులు ఒక్క రోజు దూరంలోకి వచ్చాయి.

ఏప్రిల్: 1881 తరువాత

ఇక్కడ ఆధారాలలో కంతలు ఉన్నాయి. 1921 జనగణన 2022లో తెరుచుకుంది. 1931 పత్రాలు 1942లో అగ్నిప్రమాదంలో కాలిపోయాయి, 1941లో యుద్ధం వల్ల గణన జరగలేదు. నడుమ 1939 సెప్టెంబరు 29 నాటి జాతీయ రిజిస్టరు ఒక్కటే మెట్టు. నిరంతరాయంగా దొరికేది 1837 నుంచి సాగే జనన, మరణ, వివాహ సూచిక మాత్రమే. అందుకే దశాబ్దానికి ఒకసారి జనన నమోదులను జిల్లాల వారీగా కూడి వరుస పటాలు తయారు చేస్తున్నాను.

1974లో ఫర్నెస్ కంబ్రియాలోకి, 2023లో వెస్ట్‌మోర్లాండ్ అండ్ ఫర్నెస్ అనే కొత్త పాలనా ప్రాంతంలోకి మారింది. ఈ మార్పులు పటాన్ని మోసం చేయకుండా ఉండాలంటే సరిహద్దులకు బదులు పారిష్ కేంద్రాల అక్షాంశ రేఖాంశాలతో ప్రతి నమోదును ముడివేయాలి. ఇది నెమ్మదైన పని. పూర్తయినంత వరకు తేలింది ఇది: పేరు దేశమంతటా చెదిరినా, సాంద్రత మాత్రం నేటికీ దక్షిణ కంబ్రియా, ఉత్తర లాంకాషైర్‌ల నుంచి కదలలేదు. వెళ్లినవారు ఎందరైనా, దగ్గరలోనే ఆగినవారే ఎక్కువ.

మే: ఒకే మూలమా, పలు మూలాలా

విక్టోరియా కాలంలో ఫ్రాన్సిస్ గాల్టన్ ఇంటిపేర్లు అంతరించడం గురించి 1873లో ఒక లెక్కను పత్రికలో వేయగా, హెన్రీ విలియం వాట్సన్ మరుసటి ఏడు దానికి గణిత రూపం ఇచ్చారు. తండ్రికి సగటున ఒక కొడుకు మాత్రమే ఉంటే, కాలం గడిచే కొద్దీ ఏ ఒక్క వంశమైనా తప్పక అంతరిస్తుందని ఆ పద్ధతి చెబుతుంది. ఆ ప్రక్రియను కంప్యూటరులో నడిపి చూశాను: సమాన స్థాయిలో మొదలైన వంశాలలో అధికభాగం కొద్ది తరాలకే ఆగిపోతాయి, మిగిలిన కొన్ని మాత్రం ఊహించనంత పెరుగుతాయి. వాటికి ప్రత్యేకమైన బలమేదీ ఉండదు. సాటర్త్‌వెయిట్‌కు మొదట రెండు మూడు మూలాలు ఉన్నా, ఇప్పుడు నిలిచినవారిలో అత్యధికులు ఒకే మూలానికి చెందినవారై ఉండడానికి ఇంతే చాలు.

తండ్రి నుంచి కొడుకుకు వచ్చే వై క్రోమోజోమ్‌తో దీనిని పరీక్షించవచ్చు. 2000లో బ్రయాన్ సైక్స్, కాథరిన్ ఇర్వెన్ 48 మంది సైక్స్ ఇంటిపేరు గల పురుషులను పరిశీలించి, సగానికి కొంచెం తక్కువ మందిలో ఒకే రకం కనుగొన్నారు. 2009లో తురీ కింగ్, మార్క్ జోబ్లింగ్ 40 ఇంటిపేర్లు గల 1,678 మందిని పరిశీలించి, పేరు ఎంత అరుదైతే ఉమ్మడి మూలం అంత బలంగా కనిపిస్తుందని చూపారు. స్మిత్ వంటి పేర్లలో ఆ పోలిక లేనే లేదు. ఒకే ఇంటిపేరు గలవారు వేర్వేరు గోత్రాల వారై ఉండడం ఎరిగిన తెలుగువారికి ఈ రెండో సంగతి వింత కాదు.

అయితే నేను రిజిస్టరు నుంచి ఒకే వంశవృక్షం గీయను. గణితం సాధ్యాసాధ్యాలు చెబుతుంది, ఫలానా కోల్ట్‌హౌస్ జాన్ ఫలానా గ్రైజ్‌డేల్ విలియం కొడుకని చెప్పదు. 1568కు ముందరి తరాలను కలిపే పత్రం దొరికే వరకు పొలం పేరు ఆధారంగా ఏర్పడిన గుంపులను విడివిడిగానే ఉంచుతాను. గుంపులను కలపడం ఎప్పుడైనా చేయవచ్చు, తొందరపడి కలిపినవాటిని మళ్లీ విడదీయడం మాత్రం దాదాపు అసాధ్యం.

ఇక వెంటనే చేయవలసినది కౌపర్ ముద్రించిన భాగంలో నివాస స్థలం గడి నిండిన ప్రతి వరుసనూ బ్రిటన్ ప్రభుత్వ పటాల సంస్థ ఆర్డ్‌నెన్స్ సర్వే వేసిన పాత పటాలపై గుర్తించడం. కొన్ని పొలాలు ఇప్పుడు గ్రైజ్‌డేల్ అడవి చెట్ల కింద ఉన్నాయి, వాటికి 19వ శతాబ్ది పటాలే ఆధారం. కోల్ట్‌హౌస్‌తో మొదలుపెడుతున్నాను, ఎందుకంటే చర్చి పుస్తకమూ క్వేకర్ల పుస్తకమూ రెండూ ఉన్న పల్లె అదే. అక్కడ సరిపోల్చిన పద్ధతినే మిగిలిన పొలాలకు వర్తింపజేస్తాను.